తంగేడు ఆకుతో వెండి నానో కణాలు: నీళ్ల నుంచి పరీక్షల దాకా

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల కాలేజీల్లో డిగ్రీ, పీజీ ప్రాజెక్టు అనగానే చాలామంది చేతికొచ్చే పని, ఆకు కషాయంతో వెండి నానో కణాలు (నానోమీటర్లలో, అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతుల్లో, కొలిచేంత చిన్నవి) చేయడం. ఆకు కషాయం కాచి, సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో పోస్తే కాసేపటికి రంగు గోధుమగా మారుతుంది. ఆ రంగు చూసి పని అయిపోయిందనుకుంటారు. కానీ ద్రావణం ముదురు రంగుకు తిరగడానికి నాలుగు దారులున్నాయి. నానో కణాలు ఏర్పడటం ఒకటి. కషాయంలోని పాలీఫినాల్స్ (టానిన్ల వంటి మొక్క పదార్థాలు) గాలి తగిలి నల్లబడటం రెండోది. సిల్వర్ ఆక్సైడ్ మడ్డిగా దిగడం మూడోది. సిల్వర్ క్లోరైడ్ వెలుతురికి ఊదాబూడిద రంగు తిరగడం నాలుగోది. మనకు కావాల్సింది మొదటిదొక్కటే. మిగతా మూడింటినీ ఎలా తప్పించాలో, తప్పాయని ఎలా తేల్చుకోవాలో తెలిస్తేనే ఈ పని వచ్చినట్టు.

ముందు నీళ్లు

సిల్వర్ నైట్రేట్ సీసా తెరిచే ముందు నీళ్లు చూసుకోండి. మన వైపు బోరు నీళ్ల ఉప్పదనం ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 250 మిల్లీగ్రాముల క్లోరైడ్ దాకా మంచి నీళ్ల కిందే లెక్క. ఆ 250 మిల్లీగ్రాములంటే దాదాపు 7 మిల్లీమోలార్ (లీటరులో ఎన్ని మిల్లీమోల్‌ల పదార్థం ఉందో చెప్పే గాఢత కొలత). మనం వాడే సిల్వర్ నైట్రేట్ 1 మిల్లీమోలార్ మాత్రమే. అంటే నాలుకకు ఉప్పగా తెలియని నీళ్లలో కూడా మన వెండినంతా తెల్ల మడ్డిగా దించేయడానికి కావాల్సిన దానికన్నా ఏడింతల క్లోరైడ్ ఉండొచ్చు. లీటరుకు 35 మిల్లీగ్రాములుంటే చాలు, చేతిలో ఉన్న వెండి మొత్తం క్లోరైడ్‌గా మారిపోతుంది. క్యాన్లలో వచ్చే "మినరల్ వాటర్" కూడా దీనికి పనికిరాదు. ఆర్వో యంత్రం క్లోరైడ్‌ను తగ్గిస్తుంది కానీ పూర్తిగా తీసేయదు.

డిస్టిల్డ్ వాటరే వాడాలి. వీలైతే రెండుసార్లు డిస్టిల్ చేసినది. డబ్బా మీద డిస్టిల్డ్ అని రాసి ఉన్నా సరే, పరీక్ష చేయకుండా నమ్మొద్దు. శుభ్రమైన టెస్ట్ ట్యూబులో 5 మి.లీ. నీళ్లు తీసుకుని, 10 మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్ ఐదారు చుక్కలు వేయండి. పక్కన ఇంకో ట్యూబులో చుక్కలు వేయని అవే నీళ్లు పెట్టండి. రెండింటినీ నల్లటి నేపథ్యం మీద పై నుంచి చూడాలి. మన ల్యాబుల్లో బల్లల మీద పరిచేది ఎక్కువగా కడప బండే కాబట్టి, దాన్ని తుడిచి ట్యూబులు దాని మీదే నిలబెడితే సరిపోతుంది. సన్నటి పాలపొరలాంటిది కనిపిస్తే ఆ నీళ్లు గాజుసామాను తొలి కడుగుకు తప్ప దేనికీ వాడకండి. ఇంకో మాట: కడప బండ సున్నపురాయి. దాని మీద నైట్రిక్ ఆమ్లం చుక్క పడితే నురగొచ్చి మచ్చ పడుతుంది, ఆమ్లం సీసా కింద ట్రే పెట్టండి.

గాజుసామాను కడగడంలోనూ ఇదే చూపు ఉండాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగితే క్లోరైడ్‌ను మన చేతులతో మనమే తెచ్చిపెట్టుకున్నట్టు. 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో కాసేపు నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు తొలిపి ఆరబెట్టండి. ఆరడం త్వరగా కావాలని నైట్రిక్ ఆమ్లం తడి మీద ఆల్కహాల్ పోయకూడదు. ఆ రెండూ కలిస్తే ప్రమాదం, వెండి కూడా తోడైతే మరీ ప్రమాదం.

ఆకు

తంగేడునే ఎందుకు ఎంచుకోవాలంటే, మన గుట్టల్లో, గట్ల మీద, రోడ్డు పక్కన ఎక్కడ చూసినా ఉంటుంది, అడవి దాకా పోకుండానే దొరుకుతుంది. అసలు కారణం ఇంకొకటి. తోళ్లు పదును చేయడానికి పూర్వం నుంచి తంగేడు బెరడు వాడేవాళ్లు. తోలును పదును చేసే ఆ టానిన్లే వెండి అయానుకు ఎలక్ట్రాన్ ఇచ్చి దాన్ని వెండి పరమాణువుగా మారుస్తాయి. టానిన్లు, ఫ్లేవనాయిడ్లు ఇలా ఎలక్ట్రాన్లు ఇచ్చి తాము ఆక్సీకరణం చెందుతాయి. తర్వాత అవీ, కషాయంలోని ప్రొటీన్లూ కలిసి కణం చుట్టూ పొరలా అతుక్కుని, ఒక కణం ఇంకోదానితో కలవకుండా ఆపుతాయి. ఒకే కషాయం రెండు పనులూ చేస్తుంది కాబట్టే వేరే రసాయనం కలపాల్సిన పని లేదు. వేప, తులసి, ఉసిరి, కరక్కాయ, సీతాఫలం ఆకు, నేలవేము, అన్నీ పనిచేస్తాయి. కరక్కాయలో టానిన్లు ఎక్కువ కాబట్టి చర్య చాలా వేగంగా సాగుతుంది, కొత్తవాళ్ల చేతుల్లో గడ్డలు కట్టే అవకాశమూ ఎక్కువ.

ఎర్రచందనం ఆకుతో చేస్తే పేపరు బాగుంటుందని చాలామందికి ఆశ. లంకమల, పాలకొండలు, శేషాచలం అడవుల్లోకి పోయి కొమ్మ విరిస్తే అది అటవీ చట్టం కింద నేరం. నల్లమలలో మూలికలు కోయడానికి కూడా అటవీశాఖ అనుమతి కావాలి. నర్సరీ నుంచి రశీదుతో తెచ్చిన మొక్క ఆకు వాడితే అడ్డు లేదు. ఏ మొక్క వాడినా పూత ఉన్న కొమ్మ ఒకటి ఎండబెట్టి అట్టకు అంటించి హెర్బేరియం షీటు చేసి, వృక్షశాస్త్ర విభాగంలో పేరు తేల్పించుకుని నంబరు రాసి పెట్టండి. తంగేడును పాత పుస్తకాల్లో కాసియా ఆరిక్యులేటా అని రాశారు, ఇప్పటి పేరు సెన్నా ఆరిక్యులేటా. వాడిన మొక్క ఏదో నిక్కచ్చిగా చెప్పలేకపోతే తర్వాత చేసే కొలతలన్నీ వృథా.

రోడ్డు అంచున కాకుండా కొంచెం లోపలికి పోయి, ముదిరిన, పురుగు లేని ఆకు కోయండి. కొళాయి నీళ్లతో దుమ్ము పోయేదాకా, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడగాలి. ఆ చివరి రెండు కడుగులు మానేస్తే కొళాయి నీళ్ల క్లోరైడ్ ఆకు మీదే ఎండిపోయి, నేరుగా కషాయంలోకి దిగుతుంది. నీడన ఆరబెట్టి, ఆకు నలిపితే గలగలమని పొడి అయ్యే దశ వచ్చాక మిక్సీలో వేసి జల్లించి, గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి. పచ్చి ఆకు కంటే ఈ పొడే మేలు. పచ్చి ఆకులో నీటి శాతం వాన పడ్డ వారం ఒకలా, ఎండాకాలం ఒకలా ఉంటుంది, 10 గ్రాములు తూచినా ప్రతిసారీ ఒకే సరుకు రాదు.

5 గ్రాముల పొడిని 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో వేసి, నీటి బానలో 70 నుంచి 80 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచాలి. కుతకుత ఉడికించొద్దు. ఎక్కువసేపు మరిగితే నీళ్లు ఇగిరి గాఢత మారుతుంది, కొన్ని పదార్థాలు విరిగిపోతాయి. చల్లారాక ముందు మస్లిన్ గుడ్డలో, తర్వాత వాట్‌మన్ నంబర్ 1 కాగితంలో వడకట్టండి. కషాయం తేటగా, తేనె రంగులో ఉండాలి. మబ్బుగా ఉంటే సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పి మడ్డిని అడుగుకు దించే యంత్రం) 5,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 10 నిమిషాలు తిప్పండి. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర పెట్టి మూడు రోజుల్లో వాడేయాలి. పుల్లటి వాసన వచ్చినా, పైన తెట్టు కట్టినా పారబోసి కొత్తది కాచుకోండి.

కొన్ని మొక్కలు, ముఖ్యంగా చౌడు నేలల్లో పెరిగినవి, ఆకులోనే క్లోరైడ్ దాచుకుంటాయి. కషాయం 2 మి.లీ. తీసుకుని, పలచటి నైట్రిక్ ఆమ్లం నాలుగు చుక్కలు, ఆపైన సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వేసి వెంటనే చూడండి. పెరుగు విరిగినట్టు తెల్లగా వచ్చి ఇంకొంచెం ఆమ్లం వేసినా కరగకపోతే అది క్లోరైడే. అలాంటి ఆకు వదిలేసి వేరే నేలలో పెరిగిన చెట్టు చూసుకోవడం మంచిది.

సిల్వర్ నైట్రేట్

దీని అణుభారం 169.87. ఒక లీటరు 1 మిల్లీమోలార్ ద్రావణానికి 0.170 గ్రాములు కావాలి. 100 మి.లీ.కి 17 మిల్లీగ్రాములు మాత్రమే, మామూలు తక్కెడ మీద అంత తక్కువ తూస్తే తప్పు ఖాయం. అందుకే 0.170 గ్రాములు తూచి 100 మి.లీ. వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులో 10 మిల్లీమోలార్ స్టాక్ చేసుకోండి. పని రోజున దీన్ని పదింతలు పలచన చేస్తే 1 మిల్లీమోలార్ వస్తుంది. తూచేటప్పుడు ప్లాస్టిక్ గరిట వాడండి, స్టీలు, రాగి, ఇత్తడి తగలనివ్వొద్దు. స్టాకును గోధుమరంగు సీసాలో పోసి, అల్యూమినియం ఫాయిల్ చుట్టి, తేదీ రాసి చీకట్లో పెట్టాలి. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పవు. చర్మం మీద పడితే అప్పటికేమీ తెలియదు, సాయంత్రానికి నల్ల మచ్చ పైకి తేలుతుంది, ఆ పొర రాలిపోయేదాకా పోదు. కంట్లో పడితే మాత్రం చూపుకే ముప్పు. కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోసి వెంటనే ఆసుపత్రికి పోవాలి.

కలిపేది ఎలా

మూడు ఫ్లాస్కులు వరసగా పెట్టండి. మొదటిదాంట్లో 90 మి.లీ. సిల్వర్ నైట్రేట్ (1 మిల్లీమోలార్), దానికి 10 మి.లీ. కషాయం. రెండోదాంట్లో 90 మి.లీ. ఉత్త డిస్టిల్డ్ వాటర్, 10 మి.లీ. కషాయం. మూడోదాంట్లో 90 మి.లీ. సిల్వర్ నైట్రేట్, 10 మి.లీ. నీళ్లు. ఈ వెనకటి రెండూ లేకుండా చేసిన ప్రయోగాన్ని మేము ప్రయోగం కింద లెక్కపెట్టం. రెండో ఫ్లాస్కు కూడా అదే వేగంతో గోధుమగా మారిందంటే కషాయం తనంతట తను నల్లబడుతోందని అర్థం. మూడోది మారిందంటే నీళ్లలోనో, గాజులోనో, వెలుతురులోనో తేడా ఉంది.

పీహెచ్ (ద్రావణం ఆమ్లమా, క్షారమా అని చెప్పే అంకె, 7 కంటే తక్కువైతే ఆమ్లం) సంగతి ఇక్కడే చూసుకోవాలి. కషాయాలు సాధారణంగా ఆమ్లం వైపు ఉంటాయి, ఆ స్థితిలో చర్య మందంగా సాగి కణాలు పెద్దవిగా, రకరకాల సైజుల్లో వస్తాయి. 8, 9 మధ్యకు తెస్తే త్వరగా, చిన్నగా వస్తాయి. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్కచుక్కగా కషాయంలోనే వేసి పీహెచ్ సరిచేసి, ఆ తర్వాతే దాన్ని సిల్వర్ నైట్రేట్‌లో కలపండి. వరస తారుమారు చేసి హైడ్రాక్సైడ్‌ను నేరుగా సిల్వర్ నైట్రేట్‌లో వేస్తే ఆ క్షణమే గోధుమ మడ్డి దిగుతుంది. అది సిల్వర్ ఆక్సైడ్. చాలామంది దాన్నే చూసి "వెంటనే వచ్చేసింది" అని సంబరపడతారు. పీహెచ్ 11 దాటించినా ఇదే జరుగుతుంది. పీహెచ్ కోసం అమ్మోనియా వాడకండి. వెండి, అమ్మోనియా కలిసిన ద్రావణం నిలవ ఉంటే ఎండిన అంచుల దగ్గర తాకితేనే పేలే పదార్థం తయారవుతుంది. ఇది ఎవరినీ భయపెట్టడానికి రాసింది కాదు, ల్యాబుల్లో ఇలాంటి ప్రమాదాలు నిజంగా జరిగాయి.

మ్యాగ్నెటిక్ స్టిర్రర్ మీద 60 డిగ్రీల దగ్గర, ఫ్లాస్కుకు ఫాయిల్ చుట్టి, కషాయాన్ని పిపెట్‌తో నిదానంగా వదలండి. మొదట ఏమీ ఉండదు. తర్వాత లేత నిమ్మపండు పసుపు, ఆపైన తేనె రంగు, ఆపైన ఎర్రటి గోధుమ. ఇది మెట్లుమెట్లుగా జరిగితే కణాలు పెరుగుతున్నట్టు. తంగేడుతో 60 డిగ్రీల దగ్గర సాధారణంగా గంట చాలు. గది వేడిలో అయితే కొన్ని గంటలు, ఒక్కోసారి రాత్రంతా పడుతుంది. "గది ఉష్ణోగ్రత వద్ద" అని నోటు పుస్తకంలో రాసి ఊరుకోవద్దు. అనంతపురంలో జనవరి పొద్దున గదిలో ఉండే వేడి వేరు, మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటిన గది వేరు. జనవరిలో చేసింది మేలో మళ్లీ చేస్తే వేరే ఫలితం రావడానికి ఇదొక్కటి చాలు. థర్మామీటరు చూసి అంకె రాయండి. ఎండలో పెట్టి చేసే పద్ధతి కూడా ఉంది, నిమిషాల్లో రంగొస్తుంది. కానీ ఎండ తీవ్రత ఏ రెండు రోజులూ ఒకలా ఉండదు కాబట్టి పోల్చి చూసే పనికి అది పనికిరాదు. పైగా క్లోరైడ్ ఉందంటే సిల్వర్ క్లోరైడ్ కూడా ఎండకే ఊదాబూడిద తిరిగి మోసం చేస్తుంది.

నిష్పత్తి, గాఢత, పీహెచ్, వేడి, సమయం, ఈ అయిదింటిలో ఒకసారికి ఒక్కటే మార్చండి. కషాయం 5, 10, 20 మి.లీ.లతో చూడండి, గాఢత 0.5, 1, 2 మిల్లీమోలార్‌లతో చూడండి. 5 మిల్లీమోలార్ దాకా పోతే కణాలన్నిటికీ పొర చాలక గడ్డలు కట్టడం మామూలే.

రంగును ఎంతవరకు నమ్మాలి

వెండి కణాల మీది స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు వెలుతురు తగిలినప్పుడు అన్నీ కలిసి ఊగుతాయి. ఆ ఊపులో 400 నుంచి 450 నానోమీటర్ల మధ్య వెలుతురును, అంటే ఊదా నీలాలను, మింగేస్తాయి. మిగిలిన పసుపు, గోధుమ మన కంటికి కనిపిస్తాయి. కాబట్టి మొదటి రుజువు, ఏ వెలుతురును ద్రావణం ఎంత మింగిందో కొలిచే యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్ మీదే రావాలి. నమూనాను అయిదు నుంచి పదింతలు పలచన చేసి, 300 నుంచి 700 నానోమీటర్ల దాకా స్కాన్ చేయండి. పలచన చేయకపోతే శోషణ 2, 3 దాటి, శిఖరం నెత్తి కోసేసినట్టు చదునుగా వస్తుంది. బ్లాంక్‌గా, అంటే పోల్చే నమూనాగా, ఉత్త నీళ్లు కాదు, రెండో ఫ్లాస్కులోని కషాయాన్ని అంతే పలచన చేసి పెట్టాలి.

420 ప్రాంతంలో సన్నటి, ఒకే శిఖరం వస్తే కణాలు చిన్నవి, దాదాపు ఒకే సైజువి. 450 దాటి వెడల్పుగా వాలితే పెద్దవి, లేదా ఒకదానికొకటి అతుక్కున్నవి. అసలు శిఖరమే లేకుండా 300 వైపు నుంచి ఏటవాలుగా దిగే గీత ఒక్కటే వచ్చిందంటే అది కషాయం రంగు, నానో కణాలు కావు. 15 నిమిషాలకోసారి స్కాన్ చేస్తూ, శిఖరం ఎత్తు పెరగడం ఎప్పుడు ఆగిందో చూస్తే చర్య ముగిసిన సమయం తెలుస్తుంది. వారం తర్వాత మళ్లీ చూడండి. శిఖరం కుంగి, సీసా అడుగున బూడిదరంగు మడ్డి కనబడితే పొర సరిగా పట్టలేదు.

కడిగి ఆరబెట్టడం, దిగుబడి లెక్క

సెంట్రిఫ్యూజ్‌లో 12,000 నుంచి 15,000 ఆర్‌పీఎం దగ్గర 20 నిమిషాలు తిప్పి, పై నీళ్లు తీసేసి, అడుగు ముద్దను డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి మళ్లీ తిప్పాలి. ఇలా మూడుసార్లు. ఎదురెదురు ట్యూబుల బరువు తక్కెడ మీద సరిచూసుకోకుండా మూత వేయొద్దు. పై నీళ్లు ఇంకా గోధుమగానే ఉంటే చిన్న కణాలు అందులోనే ఉండిపోయినట్టు, ఇంకో అరగంట తిప్పండి. మధ్యలో కరెంటు పోయి యంత్రం ఆగితే ముద్ద మళ్లీ కదిలిపోతుంది, మొదటి నుంచి తిప్పాల్సిందే. కడిగిన ముద్దను 60 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెడతారు కానీ, బ్యాక్టీరియా పరీక్షలకైతే ఆరబెట్టకుండా నీళ్లలోనే ఉంచుకోవడం మేలు. ఒకసారి ఎండి గట్టిపడ్డ కణాలు సోనికేటర్‌లో (ధ్వని తరంగాలతో గడ్డలు విడదీసే యంత్రం) ఎంతసేపు పెట్టినా అన్నీ విడిపోవు.

ఇప్పుడు అందరూ ఆశ్చర్యపోయే లెక్క. 90 మి.లీ. 1 మిల్లీమోలార్ ద్రావణంలో ఉన్న వెండి మొత్తం 9.7 మిల్లీగ్రాములు. చిటికెడు కూడా కాదు. ఒక్క మిల్లీగ్రామూ పోకుండా దక్కినా అంతే. ఎక్స్‌ఆర్‌డీకి (ఎక్స్-కిరణాలతో స్ఫటికాలను గుర్తించే పరీక్ష) 100 మిల్లీగ్రాముల పొడి పంపాలంటే కనీసం లీటరుకు పైగా ద్రావణం చేయాలి, కడుగుల్లో పోయేది కలుపుకుంటే రెండు లీటర్లు. ఒక ఫ్లాస్కు నుంచి 50 మిల్లీగ్రాముల పొడి వచ్చిందని రాసే రిపోర్టులున్నాయి. అందులో 40 మిల్లీగ్రాములకు పైగా ఆకు సరుకే, సరిగా కడగలేదన్నమాట. ఆ బరువు పట్టుకుని "ఇన్ని మైక్రోగ్రాముల వెండి వేశాం" అని రాస్తే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

పెద్ద యంత్రాల రిపోర్టు చదవడం

ఎక్స్‌ఆర్‌డీలో వెండి శిఖరాలు 38.1, 44.3, 64.4, 77.4 డిగ్రీల దగ్గర రావాలి (యంత్రం చూపే ఈ కోణం రెండు తీటాలు). 27.8, 32.2, 46.2 దగ్గర కూడా పొడవైన గీతలు కనిపిస్తే అది సిల్వర్ క్లోరైడ్. ఇలాంటి గీతలకు "మొక్కలోని స్ఫటికాలు" అని పేరు పెట్టి దాటేయడం చాలా చోట్ల చూస్తాం. అది నీళ్ల దగ్గరో, ఆకు దగ్గరో జరిగిన తప్పు, ఒప్పుకుని మళ్లీ చేయాలి. స్ఫటికం సైజుకు షెర్రర్ సూత్రం: 0.9ను ఎక్స్-కిరణం తరంగదైర్ఘ్యంతో గుణించి, శిఖరం సగం ఎత్తు దగ్గరి వెడల్పు, తీటా కొసైన్ల లబ్ధంతో భాగించాలి. 38.1 దగ్గర వెడల్పు 0.5 డిగ్రీ ఉందనుకోండి. దాన్ని రేడియన్లలోకి మారిస్తే 0.00873. తీటా 19.05 డిగ్రీలు, 38.1 కాదు. రాగి కిరణం 0.15406 నానోమీటర్లు. జవాబు సుమారు 16.8 నానోమీటర్లు. రేడియన్లలోకి మార్చడం, తీటాను సగం చేయడం, ఈ రెండు చోట్లే అందరూ జారేది.

ఎఫ్‌టీఐఆర్‌లో (పరారుణ కిరణాలతో అణు బంధాలను గుర్తించే పరీక్ష) 1384 సెం.మీ.⁻¹ దగ్గర సూదిలాంటి శిఖరం వస్తే కడగని నైట్రేట్ మిగిలి ఉండొచ్చు. డీఎల్‌ఎస్ (ద్రావణంలో కణాల కదలికను వెలుతురుతో చూసి సైజు చెప్పే పరీక్ష) చెప్పే సైజు టీఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కంటే సాధారణంగా పెద్దదే, ఎందుకంటే అది పొరను, పొర పట్టుకున్న నీటిని కూడా కలిపి కొలుస్తుంది. రెండూ కలవలేదని కంగారు పడక్కర్లేదు. జీటా పొటెన్షియల్ (కణాలు ఒకదాన్నొకటి ఎంత నెట్టుకుంటాయో చెప్పే విద్యుత్ కొలత) మైనస్ 30 మిల్లీవోల్టుల దగ్గర ఉంటే ద్రావణం నిలకడగా ఉంటుంది.

ఉపయోగాలు: ఎక్కడిదాకా నిజం

బ్యాక్టీరియాను చంపడం దీని ప్రధాన గుణం. ముల్లర్-హింటన్ అగార్ (బ్యాక్టీరియాను పెంచే జిగురు మాధ్యమం) మీద, 0.5 మెక్‌ఫార్లాండ్ (బ్యాక్టీరియా ఎంత ఉందో చెప్పే కొలత) మబ్బుతనం ఉన్న కల్చర్ పరిచి, 6 మిల్లీమీటర్ల గుంతలు తీసి, వాటిలో నమూనా పోసి, 37 డిగ్రీల దగ్గర 18 నుంచి 24 గంటలు ఉంచి జోన్ (గుంత చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం) కొలుస్తారు. ప్రతి ప్లేటులో ఉత్త కషాయం, ఉత్త సిల్వర్ నైట్రేట్ గుంతలు కూడా ఉండాలి. సిల్వర్ నైట్రేట్ తనంతట తనే గట్టి క్రిమిసంహారిణి. అది పక్కన లేకపోతే చంపింది నానో కణమా, కడగక మిగిలిన వెండి అయానా అని ఎవరూ చెప్పలేరు. సమానంగా పోల్చాలంటే 1 మిల్లీగ్రాము వెండికి 1.57 మిల్లీగ్రాముల సిల్వర్ నైట్రేట్ తీసుకోవాలి. నానో కణాలు అగార్‌లో సరిగా పాకవు కాబట్టి జోన్ చిన్నదైతే మందు బలహీనమని తేల్చకండి. ద్రవ మాధ్యమంలో ఎంఐసీ (బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే అతి తక్కువ మోతాదు) కూడా చూడండి.

మన పంట వేరుశనగ కాబట్టి అఫ్లాటాక్సిన్ తెచ్చే ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ బూజు మీద పరీక్ష చేయాలని చాలామంది అడుగుతారు. మంచి అంశమే. పొటాటో డెక్స్‌ట్రోజ్ అగార్ 50 డిగ్రీల దాకా చల్లారాక 25, 50, 100 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) వచ్చేలా కణాలు కలిపి ప్లేట్లు పోసి, మధ్యలో బూజు ముక్క పెట్టి వలయం వెడల్పు కొలవాలి. కంట్రోల్ వెడల్పులో నుంచి పరీక్ష వెడల్పు తీసేసి, కంట్రోల్‌తో భాగించి నూరుతో గుణిస్తే నిరోధక శాతం. ఆ బూజు విత్తులు పీల్చకూడదు, లామినార్ క్యాబినెట్ గాలి మన ముఖం మీదికే కొడుతుంది కాబట్టి బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే చేయాలి.

పొలానికి మాత్రం తీసుకుపోవద్దు. ఎకరాకు 200 లీటర్ల పిచికారీ, 50 పీపీఎం అనుకుంటే 10 గ్రాముల వెండి. 1 మిల్లీమోలార్ లెక్కన 93 లీటర్ల ద్రావణం చేస్తే గానీ అంత రాదు. ఖర్చు ఒకెత్తు, నేల ఇంకొకెత్తు. వేరుశనగ వేరు బుడిపెల్లో నత్రజని పట్టే రైజోబియం కూడా బ్యాక్టీరియానే, వెండికి మంచి క్రిమి, చెడ్డ క్రిమి అన్న తేడా తెలియదు. మొలక పరీక్షల్లో కూడా మోతాదు పెరిగితే వేరు కురచబడుతుంది.

నీళ్ల శుద్ధికి వెండి పూసిన ఫిల్టర్లు పనిచేస్తాయి, క్రిముల వరకే. అనంతపురం పల్లెల అసలు బాధ ఫ్లోరైడ్. వెండి ఫ్లోరైడ్‌ను ఒక్క పిసరు కూడా తీయదు. క్రిములనూ ఫ్లోరైడ్‌నూ వెండే తీస్తుందని ఎవరైనా ఫిల్టరు అమ్మజూపితే నమ్మకండి. తాగునీటిలో వెండి లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. మనం చేసిన ద్రావణంలో ఉండేది దాదాపు దానికి వెయ్యింతలు. ఇంట్లో చేసి మందులా తాగితే వెండి చర్మంలో పేరుకుని ఒళ్లంతా నీలిబూడిద రంగు తిరుగుతుంది, ఆ రంగు మళ్లీ పోదు.

ధర్మవరం అద్దకాల రంగు నీళ్లను దృష్టిలో పెట్టుకుని మిథిలీన్ బ్లూ పరీక్ష చేస్తారు. 10 పీపీఎం రంగు ద్రావణంలో తాజాగా చేసిన సోడియం బోరోహైడ్రైడ్ (ఎలక్ట్రాన్లు ఇచ్చే రసాయనం) ద్రావణం, ఆపైన కొద్దిగా నానో కణాలు వేసి 664 నానోమీటర్ల దగ్గర శిఖరం తగ్గడం చూస్తారు. కళ్ల ముందే నీలం పోయి నీళ్లు తేటపడతాయి. ఆ ఫ్లాస్కుకు మూత తీసి గట్టిగా కుదపండి. చాలాసార్లు నీలం మళ్లీ తేలుతుంది, ఎందుకంటే రంగు అణువు నాశనం కాలేదు, రంగులేని రూపంలోకి మారిందంతే. "ఇంత శాతం రంగు తొలగించాం" అని రాసే ముందు ఈ ఒక్క కుదుపు చాలా సంగతులు తేలుస్తుంది. అద్దకం నీళ్లలో ఉప్పు, సబ్బు, ఆమ్లం కూడా ఉంటాయి, ఉప్పుకు వెండి ఏమవుతుందో పైన చూశాం.

మిగిలిన వెండి

పై నీళ్లు, పాడైన బ్యాచులు, కడుగులు, ఏదీ సింకులో పోయొద్దు. వెండి కలిసిన వ్యర్థానికి ఒక పెద్ద గాజు సీసా ప్రత్యేకంగా పెట్టండి, అందులో అమ్మోనియా తగిలిన దేన్నీ పోయొద్దు. నిండాక, ఫ్యూమ్ హుడ్‌లో కొంచెం నైట్రిక్ ఆమ్లం కలిపి కణాలను కరిగించి, చల్లారాక మామూలు ఉప్పు నీళ్లు పోయండి. ఇన్నాళ్లూ మనం తప్పించుకు తిరిగిన తెల్ల మడ్డి ఇప్పుడు పనికొస్తుంది. చీకట్లో రాత్రంతా వదిలేస్తే అడుగున దిగుతుంది. పై నీళ్లలో ఇంకో చుక్క ఉప్పు నీళ్లు వేసి, మళ్లీ మబ్బు రాకపోతే వెండి మొత్తం దిగినట్టు. ఆ నీళ్లను వంటసోడాతో తటస్థం చేసి పారబోయొచ్చు. మడ్డిని వడకట్టి, ఆరబెట్టి, పేరు, తేదీ రాసి గోధుమరంగు సీసాలో దాచండి.